పాయింట్ల టికెట్లపై సర్‌చార్జీలకు లెక్క చెప్పాలి

సంపాదకుల గారికి,

నమస్కారం. విమానయాన సంస్థలు తమ విమానాల్లో తరచుగా ప్రయాణించేవారికి ఇచ్చే రివార్డు టికెట్లపై ఫీజులు, సర్‌చార్జీలు పెరుగుతూ పోతున్న తీరును మీ పత్రిక ద్వారా తోటి పాఠకుల దృష్టికి, పౌర విమానయాన శాఖ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. విమానాశ్రయం ఇంకా రావలసి ఉన్న ఓరుగల్లులో ఈ సంగతి ఎవరికి పట్టిందని కొందరు అనుకోవచ్చు. కానీ హనుమకొండ, కాజీపేటల్లో పిల్లలు అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇల్లు లేని వీధి అరుదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు ఊళ్లలో తండ్రి తర్వాత కొడుకు గల్ఫ్‌కు పోయివస్తున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రైల్లో సికింద్రాబాద్ చేరి, అక్కడి నుంచి శంషాబాద్ వెళ్లి విమానం ఎక్కే ఈ ప్రయాణికుల పేర్ల మీదనే మైళ్లు, పాయింట్లు పోగవుతున్నాయి. వాటిని వాడుకునే వేళ నష్టపోతున్నదీ వీళ్లే.

ఈ పథకాల చరిత్ర పెద్దదేమీ కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే నెలలో తన ప్రయాణికులకు మైళ్లు లెక్కగట్టి ఉచిత టికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ అదే బాట పట్టింది. మన దేశంలో ఎయిరిండియా 1994లో ఫ్లయింగ్ రిటర్న్స్ పథకం తెచ్చింది. మొదట్లో లెక్క సులువుగా ఉండేది: ఇన్ని మైళ్లు తిరిగితే ఇంత దూరానికి ఒక టికెట్ ఇచ్చేవారు. ఇప్పుడు చాలా సంస్థలు తిరిగిన దూరాన్ని వదిలేసి, పెట్టిన ఖర్చును బట్టి పాయింట్లు ఇస్తున్నాయి. విమానం ఎక్కనివారు కూడా క్రెడిట్ కార్డుతో కరెంటు బిల్లు కట్టి, బియ్యం బస్తా కొని పాయింట్లు కూడబెడుతున్నారు. ఇలా కూడిన పాయింట్లు సంస్థ దయతో ఇచ్చిన బహుమతి కావు. వాటి ధర మనం కొన్న టికెట్లలోనో, బ్యాంకు విమాన సంస్థకు చెల్లించిన సొమ్ములోనో ముందే చేరిపోయి ఉంటుంది.

నేను బ్యాంకు ఉద్యోగిగా పనిచేసి విరమించినవాణ్ణి గనుక ఈ సంగతిని లెక్కల వైపు నుంచి చూస్తాను. 2018 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 115 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం, టికెట్ అమ్మినప్పుడు వచ్చిన సొమ్ములో పాయింట్లకు సంబంధించిన భాగాన్ని విమాన సంస్థ వెంటనే ఆదాయంగా చూపకూడదు. ప్రయాణికుడు వాటిని వాడుకునే దాకా, లేదా వాటి గడువు తీరే దాకా, ఆ మొత్తాన్ని తాను తీర్చవలసిన బాధ్యతగానే పద్దుల్లో ఉంచాలి. అమెరికాలో సంగతి మరింత స్పష్టంగా బయటపడింది. కరోనా కాలంలో విమానాలు నేల మీద ఉన్నప్పుడు యునైటెడ్ సంస్థ 2020లో తన మైళ్ల పథకాన్ని హామీగా చూపి 680 కోట్ల డాలర్లు, డెల్టా అదే ఏడాది 900 కోట్ల డాలర్లు, అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2021లో 1,000 కోట్ల డాలర్లు సేకరించాయి. అప్పులిచ్చే పెద్ద సంస్థలు అంత విలువ కట్టిన పథకంలోని పాయింట్లను, సామాన్య ప్రయాణికుడు కౌంటరు ముందు పెట్టినప్పుడు మాత్రం ఏదో ఉదారంగా ఇస్తున్న కానుకలా చూపడం న్యాయం కాదు.

సర్‌చార్జి ఎక్కడ దూరుతుందో చెప్పాలంటే టికెట్ ధరను విడదీసి చూడాలి. అందులో మూల ఛార్జీ ఉంటుంది. ప్రభుత్వానికి, విమానాశ్రయానికి చెందే పన్నులు, ఫీజులు ఉంటాయి. ఈ రెంటి నడుమ, వైక్యూ లేదా వైఆర్ అనే గుర్తులతో, విమాన సంస్థ తానే విధించి తానే ఉంచుకునే సర్‌చార్జి ఉంటుంది. డబ్బుతో టికెట్ కొనేవారికి ఈ విభజనతో పెద్ద నిమిత్తం లేదు, ఎందుకంటే వారు చూసేది మొత్తం ధరనే. మూల ఛార్జీ తగ్గించి సర్‌చార్జి పెంచినా, సర్‌చార్జి తగ్గించి మూల ఛార్జీ పెంచినా వారి జేబుకు తేడా రాదు. పాయింట్లతో కొనేవారి పరిస్థితి వేరు. వారి పాయింట్లు మూల ఛార్జీకి మాత్రమే చెల్లుతాయి, మిగిలినదంతా నగదుగా కట్టాలి. అందువల్ల సంస్థ మూల ఛార్జీలోంచి కొంత తీసి సర్‌చార్జి పేరు మీద పడేస్తే చాలు, ఒక్క పాయింటు కూడా ఎక్కువ అడగకుండానే, ప్రకటించిన పట్టికను ముట్టుకోకుండానే, ప్రయాణికుడు ఏళ్లుగా దాచుకున్న పాయింట్ల విలువ తగ్గిపోతుంది. పట్టికలో పాయింట్లు పెంచితే సభ్యులు గమనిస్తారు, ప్రశ్నిస్తారు, పత్రికల్లో వార్తలు వస్తాయి. సర్‌చార్జి పెంచితే ఆ చప్పుడే ఉండదు. నా అభ్యంతరమంతా ఈ పద్ధతి మీదనే.

మా ఇంటి అనుభవం ఒకటి చెబుతాను. అమెరికాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లడానికి నా భార్యకు, నాకు పాయింట్ల మీద టికెట్లు తీసుకోవాలనుకున్నాం. పాయింట్లు సరిపోయాయి, కోరిన తేదీకి సీట్లూ దొరికాయి. చివరి పేజీకి వచ్చేసరికి నగదుగా కట్టవలసిన మొత్తం, డబ్బు పెట్టి కొంటే అయ్యే ధరలో దాదాపు సగం కనిపించింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, "అవి ట్యాక్సులండీ, మా చేతిలో లేవు" అని మర్యాదగానే జవాబిచ్చారు. ట్యాక్సులైతే ఏ ప్రభుత్వానివో, ఎంతెంతో రాతపూర్వకంగా పంపమని అడిగాను. వచ్చిన వివరాల్లో విమానాశ్రయ ఫీజు, భద్రతా ఫీజు, అమెరికా ప్రభుత్వ రుసుములు కలిపినా చిన్న మొత్తమే అయ్యింది. మిగిలిన పెద్ద భాగమంతా సంస్థ విధించిన సర్‌చార్జి. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇది ఏ ఒక్కరి తీరో కాదు. తన చేతిలోనే ఉన్న వసూలును తన చేతిలో లేని పన్నుగా చెప్పడం మాత్రం నన్ను బాగా నొప్పించింది. బ్యాంకులో ఏ ఖాతాదారుకైనా నేను అలా చెప్పి ఉంటే మా పైవాళ్లు సంజాయిషీ అడిగేవారు.

నిజమైన పన్నులు లేవని నేను అనడం లేదు. ఇంగ్లండ్ నుంచి బయలుదేరే ప్రయాణికుల మీద అక్కడి ప్రభుత్వం ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ వేస్తుంది. పాయింట్ల టికెట్ అయినా సరే అది కట్టక తప్పదు, అది బరువైన పన్నే. మన దగ్గర దేశీయ ప్రయాణికుడి నుంచి 200 రూపాయల విమానయాన భద్రతా ఫీజు తీసుకుంటున్నారు. శంషాబాద్ విమానాశ్రయంలో యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు ఉంది. దాన్ని విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థ అయిన ఏరా నిర్ణయిస్తుంది. అంతకు ముందు సంప్రదింపుల పత్రం విడుదల చేసి అభిప్రాయాలు తీసుకుంటుంది, ఆపై కారణాలతో ఉత్తర్వు ఇస్తుంది. నచ్చినా నచ్చకపోయినా ఆ ఫీజు ఎందుకు పెరిగిందో చదివి తెలుసుకునే వీలుంది. విమాన సంస్థ వేసే సర్‌చార్జికి అటువంటి పరిశీలన ఏదీ లేదు. మన ఆర్టీసీ 2022లో డీజిల్ సెస్ వేసినప్పుడు కూడా ఏ రకం బస్సుకు ఎంతో ముందే ప్రకటించింది. పల్లెవెలుగు ఎక్కే కూలీకి తెలిసిన ఆ పాటి వివరం లక్షల మైళ్లు కూడబెట్టిన విమాన ప్రయాణికుడికి తెలియడం లేదు.

ఇంధనం ఖరీదైందన్న సాకుతోనే ఈ సర్‌చార్జీలు పుట్టాయి. 2000 తర్వాతి దశకంలో ముడి చమురు ధర ఎగబాకి, 2008 జులైలో పీపా 147 డాలర్ల దాకా చేరినప్పుడు సంస్థల కష్టం నిజమైనదే. ఆ తర్వాత ధర పడిపోయిన సందర్భాలు ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో బ్రెంట్ చమురు 20 డాలర్ల కిందికి కూడా దిగింది. సర్‌చార్జి మాత్రం చాలా సంస్థల్లో అలాగే నిలిచిపోయింది. అమెరికా రవాణా శాఖ 2012లో, ఇంధనం పేరుతో వేసే సర్‌చార్జి నిజమైన ఇంధన ఖర్చుకు తగినట్టు ఉండాలని స్పష్టం చేసింది. ఆ తర్వాత టికెట్ల మీద ఇంధనం అన్న మాట తగ్గి, 'క్యారియర్ విధించిన ఛార్జీ' అనే పేరు విరివిగా కనిపించసాగింది. అదే 2012లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ పథకంలోని సభ్యులు కొందరు న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. రివార్డు టికెట్లపై తీసుకుంటున్న ఇంధన సర్‌చార్జికి, ఇంధన ధరల మార్పుకు పొంతన లేదన్నది వారి వాదన. 2018లో ఆ వ్యాజ్యం రాజీతో ముగిసింది. సభ్యులకు నగదు గానీ, పాయింట్లు గానీ ఇచ్చేందుకు సంస్థ అంగీకరించింది.

మన దేశంలో కూడా ఇంధన సర్‌చార్జి మీద విచారణ జరగకపోలేదు. సరుకు రవాణాపై వేసే ఇంధన సర్‌చార్జిని కూడబలుక్కుని పెంచారని జెట్ ఎయిర్‌వేస్, ఇండిగో, స్పైస్‌జెట్ సంస్థలపై, వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2015లో జరిమానా విధించింది. అప్పీలులో ఆ ఉత్తర్వు రద్దయి కేసు తిరిగి వచ్చాక, 2018లో తగ్గించిన మొత్తాలతో మళ్లీ జరిమానా వేసింది. అది సరుకు సంగతి, ప్రయాణికులది కాదు. అయినా సర్‌చార్జి అనేది ప్రశ్నించరాని విషయం కాదని ఆ కేసు తేల్చింది.

మంచి పద్ధతులు లేకపోలేదు. జపాన్‌లో ఏఎన్‌ఏ, జేఏఎల్ విమాన సంస్థలు సింగపూర్ మార్కెట్‌లో కిరోసిన్ (విమాన ఇంధనం) సగటు ధరను ఆధారం చేసుకుని రెండు నెలలకోసారి ఇంధన సర్‌చార్జిని సవరిస్తాయి; ధర ఎంత ఉంటే సర్‌చార్జి ఎంతో ముందే పట్టిక వేస్తాయి. రివార్డు టికెట్ తీసుకునేవారు కూడా దాన్ని కట్టాల్సిందే, కానీ ఎంత కట్టాలో, ఎందుకు కట్టాలో వారికి తెలుసు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2017 మార్చిలో తన సొంత విమానాల రివార్డు టికెట్లపై ఇంధన సర్‌చార్జిని ఎత్తివేసింది. అదే సమయంలో ఆన్‌లైన్ బుకింగ్‌పై ఇచ్చే 15 శాతం మైళ్ల తగ్గింపును తీసేసింది గనుక సభ్యులకు అంతా లాభమే కాలేదు. నా దృష్టిలో అదైనా నయం. మైళ్లు ఎక్కువ కావాలంటే ఎక్కువ కావాలని చెప్పారు, సభ్యుడు తన మైళ్లు లెక్కపెట్టుకుని నిర్ణయించుకున్నాడు. అమెరికా దేశీయ విమానాల్లో రివార్డు టికెట్‌కు ఒకవైపు ప్రయాణానికి 5 డాలర్ల 60 సెంట్ల భద్రతా రుసుము మాత్రమే కడితే సరిపోయే సందర్భాలు ఎన్నో. కాబట్టి సర్‌చార్జి లేకుండా ఈ పథకాలు నడవవన్న మాట నిలవదు.

విమాన సంస్థల వైపు వాదన కూడా విందాం. సీటు ఉచితంగా ఇచ్చినా ఇంధనం ఉచితంగా రాదు కదా అంటారు. కానీ పాయింట్లు ఇచ్చిన నాడు ప్రయాణికుడు కొన్న టికెట్‌లోనూ సర్‌చార్జి ఉంది, దాన్ని సంస్థ తీసుకుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వంటి సంస్థలు మైళ్లు లెక్కగట్టేటప్పుడు మూల ఛార్జీతో పాటు తాము వేసే సర్‌చార్జిని కూడా కలిపి లెక్క వేస్తాయి, ప్రభుత్వ పన్నులను మాత్రం వదిలేస్తాయి. అంటే ఆదాయం లెక్కకు వచ్చినప్పుడు సర్‌చార్జి ఛార్జీలో భాగమే. టికెట్ ఇవ్వవలసి వచ్చినప్పుడు అదే సర్‌చార్జి ఛార్జీ బయట పన్నుల పక్కన నిలబడితే ఆ వాదన ఎలా అతుకుతుంది? పథకం నియమాలను ఎప్పుడైనా మార్చుకునే హక్కు మాకు ఉందని సంస్థలు రాసుకుంటాయి, నిజమే. రేపటి నుంచి సంపాదించే పాయింట్లకు కొత్త నియమం పెట్టుకోవచ్చు. నిన్నటిదాకా ఒక మాట నమ్మి కూడబెట్టినవారికి తగిన గడువైనా ఇవ్వాలి.

క్రెడిట్ కార్డుల విషయంలో ఇంకో చిక్కు ఉంది, దీన్ని ముఖ్యంగా యువ ఉద్యోగులు గమనించాలి. కార్డు మీద వచ్చిన పాయింట్లను విమాన సంస్థ మైళ్లుగా మార్చుకుంటే సాధారణంగా మళ్లీ వెనక్కి తెచ్చుకునే వీలుండదు. అసలు సర్‌చార్జి ఎంతో చాలాసార్లు బుకింగ్ చివరి పేజీలో గానీ కనిపించదు. మైళ్లు మార్చుకున్నాక సర్‌చార్జి చూసి గుండె ఝల్లుమన్నా చేసేదేమీ ఉండదు. మైళ్లకు గడువు ఉంటుంది గనుక, ఎంత పడినా కట్టి వెళ్లడమో, వదులుకోవడమో రెండే దార్లు.

గల్ఫ్ కార్మికుల సంగతి వేరుగా చెప్పుకోవాలి. రెండేళ్లకోసారి ఇంటికి వచ్చే మనిషికి మైళ్లు మెల్లగా కూడుతాయి. కంపెనీయో, ఏజెంటో టికెట్ కొన్నప్పుడు సభ్యత్వ సంఖ్య వేయకపోతే అవీ జమ కావు, కొన్ని గ్రూపు టికెట్లకు అసలే రావు. ఎలాగో కూడినవాటిని పెళ్లాం పిల్లలను ఒకసారి దుబాయ్ చూపించడానికి వాడుకుందామంటే, గల్ఫ్ నుంచి హైదరాబాద్‌కు ఉన్న తక్కువ దూరపు మార్గంలో సర్‌చార్జి, పన్నులు కలిపి అగ్గువ సీజన్‌లో దొరికే మామూలు టికెట్ ధరకు దగ్గరగా వెళ్లిపోతాయి. ఎండలో కష్టపడి పంపిన ప్రతి రూపాయినీ లెక్క చూసుకునే కుటుంబాలు ఇవి. విమాన సంస్థలకు ఏళ్ల తరబడి నికరమైన ప్రయాణికులు వీళ్లే. వీళ్ల తరఫున అడిగేవారు లేకపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

చట్టంలో దారి ఉంది. 2022 జూన్‌లో వచ్చిన తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణ మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనకు స్పందించడానికి, వస్తువును తెచ్చుకోవడానికి లేదా ఇంటికి తెప్పించుకోవడానికి అయ్యే తప్పనిసరి ఖర్చు మినహా వినియోగదారు మరేదైనా కట్టవలసి వస్తే దాన్ని ఉచితమని ప్రచారం చేయకూడదు. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటిఫై చేసిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే ఆన్‌లైన్‌లో కొనుగోలుదారును మభ్యపెట్టే ఎత్తుగడలలో, డ్రిప్ ప్రైసింగ్ ఒకటి. ధరలోని భాగాలను ముందు చెప్పకుండా దాచి, చివర్లో బయటపెట్టడాన్ని అది తప్పుబడుతుంది. రివార్డు టికెట్ల పేజీలకు ఈ రెండూ సరిగ్గా వర్తిస్తాయని నేను నమ్ముతున్నాను. కరోనా కాలం వంటి ప్రత్యేక సందర్భాలు మినహా విమాన ఛార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ 1994 తర్వాత లేదు, దాన్ని మళ్లీ తెమ్మని నేను కోరడం లేదు. ధర ఎంతైనా పెట్టుకోమనండి, పెట్టిన ధరను ముందే చెప్పమనండి.

దీనికి నమూనా బ్యాంకింగ్ రంగంలో సిద్ధంగా ఉంది. రిజర్వు బ్యాంకు 2024 అక్టోబర్ నుంచి రిటైల్ రుణాలకు, చిన్న పరిశ్రమల రుణాలకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌ను తప్పనిసరి చేసింది. రుణానికి అయ్యే అన్ని ఖర్చులూ ఆ కాగితంలో ఉండాలి. అందులో లేని ఛార్జీని రుణగ్రహీత స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ అయిన డీజీసీఏ ఇదే పద్ధతిని రివార్డు టికెట్లకు తేవాలి. పాయింట్ల ధర చూపే మొదటి పేజీలోనే నగదుగా కట్టవలసిన మొత్తం కనిపించాలి. ప్రభుత్వానికి పోయేదెంతో, విమానాశ్రయానికి పోయేదెంతో, సంస్థ ఉంచుకునేదెంతో వేర్వేరుగా రాయాలి. సంస్థ ఉంచుకునేదాన్ని పన్ను అని ఎక్కడా పిలవకూడదు, కాల్ సెంటర్‌లో కూడా. ఆ సర్‌చార్జిని కూడా పాయింట్లతోనే చెల్లించే వీలు కల్పించాలి. పెంచదలిస్తే కనీసం మూడు నెలల ముందు సభ్యులకు తెలియజేయాలి. అమెరికా రవాణా శాఖ 2024 సెప్టెంబర్‌లో నాలుగు పెద్ద విమాన సంస్థలకు లేఖలు రాసి, పాయింట్ల విలువ తగ్గింపు, దాగి ఉన్న ఫీజుల గురించి వివరాలు అడిగింది. మన మంత్రిత్వ శాఖ ఆ పాటి లేఖ రాయడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు.

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి కేంద్రం 2025 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చింది. అక్కడి నుంచి విమానాలు ఎగిరే నాటికి మన జిల్లాల్లో ఈ పథకాల్లో చేరేవారి సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది, కార్డులు అంటగట్టే ప్రకటనలూ పెరుగుతాయి. నిబంధనలు అంతకు ముందే రావాలని నా విన్నపం. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ పార్లమెంటు సభ్యులు ఈ విషయంపై సభలో ప్రశ్న వేయాలని కూడా కోరుతున్నాను.

ఈలోగా పాఠకులు చేయగలిగింది కొంత ఉంది. టికెట్ తీసుకునే ముందు ఛార్జీల విడదీత అడిగి, ఆ కాగితాన్ని దాచుకోండి. రివార్డు టికెట్ రద్దు చేసుకున్నా, ప్రయాణం మానుకున్నా అందులోని ప్రభుత్వ పన్నులను, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజును తిరిగి కోరండి. మూల ఛార్జీ వాపసు రాని ప్రత్యేక టికెట్లకు కూడా వీటిని తిరిగి ఇవ్వాలని డీజీసీఏ రీఫండ్ నిబంధనలు చెబుతున్నాయి. సంస్థ జవాబివ్వకపోతే పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవ పోర్టల్‌లో గానీ, 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో గానీ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. సేవా లోపానికి హనుమకొండలోనే ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. పథకం షరతులే అన్యాయంగా ఉన్నాయని వాదించదలిస్తే మాత్రం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
హనుమకొండ